డాక్టరును పిలిస్తే నర్సింలు వచ్చాడు

మనిషి పోయాక శవాల బండి రావడం లోకంలో మామూలు. మనిషి మంచం మీద కూర్చుని గ్లాసులో ఛాయ్ ఊదుకుంటూ ఉండగా ఆ బండిని అతని కాళ్ళ దగ్గరికి రప్పించిన ఘనత మాత్రం, నాకు తెలిసినంతలో, నా ఒక్కదానిదే. నవ్వండి, పర్వాలేదు. నవ్వుతారనే రాస్తున్నాను. కాకపోతే ఇందులో ఎక్కువ భాగం వాన, దగ్గు, ఫినాయిలు వాసన. వాటి మధ్య నవ్వు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఏరుకోవాలి. ఆ రోజుల్లో మేమూ అట్లాగే ఏరుకునేవాళ్ళం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడి, నా బి.ఏ. పరీక్షలు సాగీ సాగీ, చివరికి పట్టా చేతికొచ్చేసరికి నాలో చదువు కంటే వాదన ఎక్కువ పోగుపడింది. కూరలో ఉప్పు ఎక్కువైందంటే ఎందుకు ఎక్కువ కాలేదో అరగంట చెప్పేదాన్ని. మా నాయిన ఒకరోజు అన్నం పళ్ళెం ముందునుంచి లేచి, "గీ పిల్లను ఎటన్న పనికి పంపుండ్రి. లేకుంటే నేనే ఎటన్న వోత" అని తేల్చేశాడు. అట్లా నేను వికారాబాద్ ఊరి బయట, ఓ ధర్మాత్ముడు కట్టించిన చిన్న ఛాతీ దవాఖానలో ఆఫీసు గుమాస్తానయ్యాను. దాని పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా.

వికారాబాద్ గాలి ఊపిరితిత్తులకు మంచిదని అందరూ అంటారు. ఆ గాలి కోసం వచ్చినవాళ్ళంతా కలిసి దగ్గితే ఎట్లా ఉంటుందో అనేవాళ్ళకు తెలియదు. వానాకాలంలో పొద్దున్నే వరండాలోకి అడుగుపెడితే, బయట చినుకులు, లోపల దగ్గులు, ఏది ఆగితే ఏది వినిపిస్తుందో అన్నట్టు ఉండేది. ఆ ఏడు వాన మరీ మొండిగా పట్టుకుంది. ఆరేసిన దుప్పట్లు ఆరక, రోగుల మీద మళ్ళీ తడివే కప్పేవాళ్ళు.

మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం సాయన్నది. తాండూరు మనిషి. జీవితమంతా నాపరాళ్ళు సానబట్టి, ఆ దుమ్ము మింగి, దాని మీద క్షయ కూడా తెచ్చుకున్నాడు. ఆ దవాఖానలో నాతో సమానంగా వాదించగల ప్రాణి అతనొక్కడే కాబట్టి రోజూ వెళ్ళి కాసేపు పోట్లాడి వచ్చేదాన్ని. గొడవంతా ఒకటే: అతను ఇంటికి పోతానంటాడు, నేను సూదులన్నీ అయ్యేదాకా పోవద్దంటాను.

"గీ వార్డుకెల్లి బాగై నడిచివోయినోన్ని ఒక్కన్ని జూపెట్టు బిడ్డా. జూపెడితే నీ మాటింట."

"మొన్న ఆ మోమిన్‌పేటాయన నడిచి పోలేదా?"

"గాయన పెండ్లాం యాదికొచ్చి వోయిండు. బాగై వోలే."

"నువ్వు మాట మారుస్తున్నవ్ సాయన్నా."

"నువ్వు మార్చవు. గదే నీ రోగం. నా రోగానికన్న సూదులున్నయి."

ఇట్లా తిట్టుకుంటూనే ఒకనాడు అతని చేత మాట తీసుకున్నాను. సూదులు పూర్తయ్యేదాకా కదలనని. మధ్యలో ఆపితే ఆ మందు మళ్ళీ పని చెయ్యదని పెద్ద డాక్టరుగారు చెప్పారు. ఇది గుర్తుంచుకోండి, నేను చెడగొట్టింది ఇదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆడవాళ్ళ వార్డులో ఒకామెకు పొద్దున పూట నోట్లోంచి నెత్తురు పడింది. వార్డులో పనిచేసే ఆయా వానలో వరండా వెంట డాక్టరు గదికి పరుగెత్తి, నీళ్ళలో జారిపడి, లేచి, మళ్ళీ పరుగెత్తి, డాక్టరును తెచ్చేసరికి ఆమె పోయింది. ఆ సాయంత్రం పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచారు. ఆయన మాట తీరు ఎప్పుడూ మందుచీటీలాగా పొట్టిగా ఉంటుంది.

"వార్డుల్లో గోడకు డబ్బాలున్నాయి కదమ్మా. ఎందుకు పని చెయ్యవు?"

డబ్బాలంటే, అప్పట్లో మేము అనేది అదే. బటన్ నొక్కితే అవతలి గదిలో గంట మోగి, ఏ వార్డు పిలిచిందో దీపం వెలుగుతుంది. డబ్బాకే ఉన్న స్పీకరులోంచి అవతలివాళ్ళ మాట వినిపిస్తుంది. రిసీవరు ఎత్తే పని లేదు. ప్రాణం మీదికి వస్తే నొక్కడానికే పెట్టించారు. ఒక్కో డబ్బాకు వరసగా ఐదు బటన్లు. కాని ఏళ్ళ తరబడి నొక్కీ నొక్కీ అవి అరిగి, కొన్ని లోపలికి కూరుకుపోయి, కొన్ని ఊడిపోయి, వాటి మీద అక్షరాలన్నీ చెరిగిపోయాయి. ఒకచోట ఒక చుక్క మాత్రం మిగిలింది, అది అక్షరమో ఈగ వేసిపోయిన గుర్తో నేను తేల్చుకోలేదు. డబ్బాలు మూగబోయి చాలా కాలమైంది. మగవాళ్ళ వార్డులో దాని నెత్తిన బీడీ కట్టలు దాచుకునేవాళ్ళు.

"తీగలు బాగానే ఉన్నాయి సార్. పైనున్న బటన్ల పలక మారిస్తే చాలు. పట్నం నుంచి కొత్తవి తెప్పిస్తా" అన్నాను.

"బిగించడానికి మనిషిని కూడా పిలిపించండి."

"నాలుగు స్క్రూలు తిప్పడానికి మొగమనిషే కావాలా సార్?"

"నేను మొగమనిషి అనలేదమ్మా. మనిషి అన్నాను."

"నేను మనిషిని కానా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాతో మాట్లాడేవాళ్ళు ఎక్కువగా చేసే పని అది. "కానివ్వండి" అన్నారు.

పలకలు పట్నం నుంచి బస్సులో వచ్చాయి. వెన్నలాంటి తెలుపు, ముద్దొచ్చే బటన్లు, కాని ఒక్క అక్షరం లేదు. ఏది డాక్టరు, ఏది నర్సు? ఉన్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. నర్సు మేరీ సిస్టర్ వచ్చేనాటికే డబ్బాలు మూగవి. శవాల గది చూసుకునే నర్సింలుకు తన దగ్గర గంట మోగడం తెలుసు కాని, ఎవరు ఎక్కడ నొక్కితే మోగుతుందో తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాటిని పెట్టించిన పాత స్టోరుకీపరు ఖాదర్ సాబ్. పని మానేసి తాండూరులో ఇంటిదగ్గర ఉంటున్నాడు. అతనికి ట్రంకాల్ చేశాను. వాళ్ళ గల్లీలో రాళ్ళ దుకాణానికి ఫోనుంది. అతన్ని పిలిపించి మాట్లాడించారు.

"ఖాదర్ సాబ్, బటన్ల వరస చెప్పండి."

"అరే, పూఛ్‌నే కీ బాత్ హై క్యా? అవి నేనే పెట్టించిన. కండ్లు మూస్కొని చెప్త. రాస్కో బేటీ. పహలా, డాక్టర్ సాబ్. దూస్రా, సిస్టర్. తీస్రా, ఆఫీస్. చౌథా, వంటిల్లు. ఆఖరీ..."

"ఆఖరిది?"

"ఆఖరీ తో ఆఖరీచ్ హై బేటీ" అన్నాడు, గొంతు తగ్గించి. శవాల గది అని నోటితో అనడం ఇష్టం లేక.

ఎంత చక్కగా చెప్పాడు! మొదటిది డాక్టరు, చివరిది నర్సింలు. చికిత్సతో మొదలై ముగింపుతో ముగిసే వరస. ఇందులో ఎంత అర్థముందో అని మేరీ సిస్టర్‌కు ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. పాత పలకలు ఊడదీసి కొత్తవి బిగించాను. సన్నని కుంచె తీసుకుని, నల్ల రంగుతో, గుండ్రని అక్షరాలతో, ఎడమనుంచి కుడికి రాశాను: డాక్టరు, నర్సు, ఆఫీసు, వంటిల్లు, చివరన శవాల గది. అక్షరాలు ఎంత బాగా వచ్చాయంటే, చదువు రానివాళ్ళు కూడా నిలబడి చూసిపోయారు.

ఇక పరీక్షించడం. ఇక్కడే మీరు అడుగుతారు, ఐదూ నొక్కి చూడొచ్చు కదా అని. మీరు మా దవాఖానలో పని చెయ్యలేదు కాబట్టి అడుగుతారు. డాక్టరుగారి గంట ఊరికే మోగించకూడదు, అది ఆయన ఆజ్ఞ. వంటిల్లు మోగిస్తే వంటాయన గరిటెతో వచ్చి, పని చెడిందని అరగంట అరుస్తాడు. ఇక చివరిదాన్ని ఊరికే నొక్కే ధైర్యం ఆ ప్రాంగణంలో కుక్కకు కూడా లేదు. నర్సింలు గంట ఉత్తగా మోగకూడదని, మోగితే బండి ఉత్తగా, ఖాళీగా తిరిగిపోదని ఒక నమ్మకం. అందుకని నాకు చేతనైన ఒక్క బటనే నొక్కాను. నడిమిది. ఆఫీసు. వరండా అవతల నా గదిలో గంట ఖంగుమని మోగింది. మేరీ సిస్టర్ చప్పట్లు కొట్టింది.

"జూసిండ్రా? అక్షరం తప్పు పోలేదు" అన్నాను.

ఐదింటిలో నడిమిది ఎటునుంచి లెక్కబెట్టినా నడిమిదేనన్న సంగతి బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున. వాన అట్లాగే ఉంది. సాయన్న మంచం మీద కూర్చుని ఛాయ్ తాగుతూ ఉంటే దగ్గు తెర పట్టుకుంది. అంత ప్రమాదమేమీ కాదు, రోజూ వచ్చేదే. కాని మేరీ సిస్టర్‌కు కొత్త డబ్బా నొక్కాలని సరదాగా ఉంది. వెళ్ళి డాక్టరు అని రాసి ఉన్న బటన్ నొక్కింది. ఇంకో సంగతి చెప్పాలి: పలకలు కొత్తవే కాని స్పీకర్లు పాతవి. ఎవరి గొంతయినా అందులో కుండలోని కప్ప గొంతులాగా వస్తుంది. కప్ప "వస్తున్న" అంది.

"డాక్టరుగారు వస్తున్నారు సాయన్నా" అని సిస్టర్ అతని వీపు రాస్తూ కూర్చుంది.

కాసేపటికి వరండాలో ఇనప చక్రాలు కిర్రుకిర్రుమన్నాయి. ఆ చప్పుడు వార్డులో అందరికీ తెలుసు. దగ్గులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తెల్లటి గుడ్డ మడిచి వేసిన బండి తోసుకుంటూ, కళ్ళు దించుకుని, నర్సింలు లోపలికి వచ్చాడు.

"ఎవలు?" అన్నాడు. అతను ఎప్పుడూ అదొక్క మాటే అడుగుతాడు.

వెనకాలే డాక్టరు వస్తున్నారని, ఆయనే అడిగారని మేరీ సిస్టర్ అనుకుంది. ఆమె చూపు నర్సింలును దాటి గుమ్మం మీదే ఉంది. చెయ్యి సాయన్న వైపు చూపించి, "గీయనే. జల్ది" అంది.

నర్సింలు బండిని మంచం పక్కన ఆపి సాయన్నను చూశాడు. సాయన్న ఛాయ్ గ్లాసుతో సహా నర్సింలును చూశాడు.

"కూసున్నడు గద?" అన్నాడు నర్సింలు.

"నేనింక వోలే!" అన్నాడు సాయన్న.

"నాకు గంట మోగింది."

"మోగితే? నీకు మోగిందని నేను వోవాల్నా?"

"గది నాకు తెల్వది. మోగితే వస్త. నేను ఉత్తగ రాను."

పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఒకాయన దండం పెట్టడం మొదలుపెట్టాడు. మేరీ సిస్టర్ కంగారుగా ఇంకో నర్సును పిలుద్దామని నర్సు బటన్ నొక్కింది. వంటాయన గంజి బకెట్టుతో వచ్చాడు. వేడినీళ్ళ కోసం వంటిల్లు నొక్కింది. పక్క వార్డునుంచి నర్సు సూది పట్టుకుని వచ్చింది. ఏది నొక్కితే ఎవరొస్తారో తెలియక చివరికి నడిమిది నొక్కింది. నేను వచ్చాను. నా రాతలో ఆ ఒక్కటే సరిగ్గా పనిచేసింది. దాని వల్ల కలిగిన కష్టమే అన్నిటికంటే ఎక్కువ.

ఎందుకంటే నేను వస్తూనే వాదన మొదలుపెట్టాను.

"డబ్బాలో ఏ తప్పూ లేదు. ఆఫీసు నొక్కితే నేను రాలేదా?"

"డాక్టర్ నొక్కితే నర్సింలు వచ్చిండు గద మేడం!" అంది మేరీ సిస్టర్.

"నర్సింలూ, నిన్ను ఎవరు రమ్మన్నరు?"

"గంట రమ్మన్నది."

"గంట కాదు, నీ చెవులు. వానకు చెవుల్లోకి నీళ్ళు పోయి ఉంటయి."

"నా చెవులకు నీళ్ళు వోతె దీపం గిట్ల ఎట్ల వెలుగుతదమ్మా?"

అక్కడితో ఆగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు. కాని వార్డంతా నా వైపు చూస్తోంది. "ఇప్పుడే రుజువు చేస్త" అని డబ్బా దగ్గరికి పోయి, శవాల గది అని నా గుండ్రటి అక్షరాలు ఉన్న బటన్ నొక్కాను. "నర్సింలు ఇక్కడున్నడు కాబట్టి ఎవరూ రారు. జూడుండ్రి."

కప్ప "వస్తున్నా" అంది. పెద్ద డాక్టరుగారు స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు పిలిచారు?"

"నేనే సార్."

"ఏం నొక్కారు?"

"శవాల గది సార్."

ఆయన ఈసారి కళ్ళద్దాలు తుడవలేదు. డబ్బా వైపు చూశారు, గంజి బకెట్టు వైపు, సూది వైపు, బండి వైపు చూశారు. "అద్దంలో చూసినట్టు మొత్తం తిరగబడిందమ్మా" అన్నారు. తర్వాత, "సాయన్న ఏడి?" అన్నారు.

కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. మేమంతా డబ్బా చుట్టూ మూగి వాదించుకుంటున్నప్పుడు, దవాఖాన చొక్కా మీదనే, చెప్పులు కూడా లేకుండా, వానలో స్టేషనుకు పోయాడు. పాసింజరు బండి ఎక్కి తాండూరు వెళ్ళిపోయాడని సాయంత్రానికి తెలిసింది.

"సూదులు ఆగితే రెండు నెలలు కూడా బతకడు. తీసుకురండి. అతను రాకపోతే మీరూ రానక్కరలేదు" అన్నారు డాక్టరుగారు. ఆయనతో వాదించని సందర్భం నాకు అదొక్కటే గుర్తుంది.

మర్నాడు తాండూరు. స్టేషను దిగేసరికి వాన. తడిసిన నాపరాళ్ళ మీద ఊరంతా బూడిదరంగులో మెరుస్తోంది. ముందు ఖాదర్ సాబ్ ఇంటికి పోయాను, కడిగేద్దామని. గడపలోనే మొదలుపెట్టాను.

"తప్పు వరస చెప్పి నా కొలువుకే ఎసరు పెట్టిండ్రు."

"తప్పు వరసా? నేనా?" ముసలాయన లేచి నిలబడ్డాడు. సుద్దముక్క తెమ్మని, అరుగు మీద ఐదు గుండ్రాలు గీశాడు. "దేఖో. పహలా డాక్టర్." కుడి చివరి గుండ్రం మీద వేలు పెట్టాడు.

"అది చివరిది గదా!"

"చివరిదెట్ల అయితది? పహలా!"

"మీరు ఎటునుంచి మొదలుపెడుతున్నరు?"

"ఎటునుంచంటే? మొదటినుంచి!"

అప్పటికి గాని నాకు బోధపడలేదు. ఆయన చదువంతా ఉర్దూ. కుడినుంచి ఎడమకు రాసే మనిషికి మొదటిది కుడివైపుదే. ట్రంకాల్‌లో ఆయన వేలు నాకు కనబడదు, నా కుంచె ఆయనకు కనబడదు. ఇద్దరమూ ఒకే మాట అనుకుని, ఎదురెదురు కొసల్లో నిలబడ్డాం.

"అయితే తప్పు నాదే" అన్నాను. "సాయన్న ఇంటికి నాతో రండి సాబ్. మీరే సాక్ష్యం చెప్పాలె."

సాయన్న ఇల్లు ఊరి చివర. గోడలు రాయి, నేల రాయి, కప్పు కూడా రాయే. చూరు కింద ఇద్దరు చిన్న పిల్లలు తడవకుండా గోడకు అతుక్కుని కూర్చున్నారు. సాయన్న భార్య పోచమ్మ అక్కడే మూడు రాళ్ళ పొయ్యి పెట్టి ఊదుతోంది.

"బయటెందుకు వండుతున్నవ్ పోచమ్మా?"

ఆమె నన్ను చూడలేదు. "లోపల దగ్గుతున్నడు. మనుమండ్లను లోపలికి రానిస్తలేను. ఈ వానల ఎన్నొద్దులు బయట వండివెట్టాలె? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే జెప్పు."

అన్నిటికీ జవాబున్న మనిషిని నేను. తల వంచుకుని లోపలికి పోయాను.

సాయన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మొహం ఒక్క రోజులోనే సగమైంది.

"నర్సింలును తోల్కొచ్చినవా?" అన్నాడు.

"లేదు సాయన్నా. తప్పు నాది. బటన్ల మీద పేర్లు తారుమారు రాసిన. డాక్టర్ కోసం నొక్కితే వాడికి మోగింది."

"అబద్దం."

"నిజం. తప్పు నాదే."

"కాదు."

"నాదే అంటున్న గదా!"

"నువ్వు బి.ఏ. సదివినవ్. నీకు ఎడమ కుడి తెల్వదా? నాకు సమజైంది బిడ్డా. డాక్టర్ సాబే చెప్పి పంపిండు, గీయన ఎట్లనో వోతడు, బండి తయార్ వెట్టుమని. ఇప్పుడు తప్పు నీ మీదేసుకొని నన్ను మల్ల తోల్కపోతవ్. నువ్వు మంచిదానివి, గందుకే అబద్దమాడుతున్నవ్."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను తప్పు ఒప్పుకుంటే నమ్మేవాడు లేడు! ఇన్నేళ్ళూ నా ఒప్పులు రుజువు చెయ్యడానికి పెంచుకున్న నోరంతా ఇప్పుడు నా తెలివితక్కువతనం రుజువు చెయ్యడానికి ఖర్చు పెట్టాల్సి వచ్చింది. ఖాదర్ సాబ్ సాయం చేస్తాడనుకున్నాను.

"తప్పు ఎవరిదీ కాదు. నా బటన్లు బిల్కుల్ సహీ" అన్నాడాయన ఛాతీ విరుచుకుని.

"మీరు జర ఆగుండ్రి సాబ్! ఇక్కడ నేను మూర్ఖురాలినని చెప్పుకుంటున్న!"

"అట్లెట్ల అంటవ్ బేటీ, చదువుకున్న పిల్లవు..."

"చదువుకుంటే? సాయన్నా, విను. పోయినేడు నవాబుపేటకు పోవాలని బస్సెక్కిన. కండక్టర్ ఇది కొడంగల్ పోతదమ్మా అన్నడు. నీకు తెల్వదు, నేను బోర్డు చదివిన అన్న. వాదించి టికెట్ కొట్టించుకున్న. కొడంగల్‌ల దిగిన. అక్కడ దిగి కూడా ఇది నవాబుపేటే అని ఒక దుకాణపోనితో వాదించిన."

గోడవైపు మొహం కొంచెం ఇటు తిరిగింది. "మల్ల?"

"వాడు మజ్జిగ పోసి, రాత్రికి ఉండమ్మా, పొద్దుగాల ఎట్లనన్న నవాబుపేట అయితది అన్నడు."

సాయన్న నవ్వబోయి దగ్గాడు. బయట పొయ్యి ఊదే చప్పుడు ఆగింది. పోచమ్మ వింటోంది.

ఖాదర్ సాబ్‌కు సహనం చచ్చింది. సుద్దముక్క తీసి సాయన్న మంచం పక్క నేల మీద మళ్ళీ ఐదు గుండ్రాలు గీసి, "నువ్వే చెప్పు భాయ్. ఇందుల పహలా ఏది?" అన్నాడు. నేను ఎడమ చివరి గుండ్రం మీద వేలు పెట్టాను. ఆయన కుడి చివర పెట్టాడు. ఇద్దరం సాయన్న వైపు చూశాం.

సాయన్నకు ఏ చదువూ లేదు. ఎడమా చూడలేదు, కుడీ చూడలేదు. తల ఎత్తి తలుపు ఎక్కడుందో చూశాడు.

"తలుపుకు దూరమున్నది మొదటిది" అన్నాడు.

"అదేంది?"

"బండ పరిచేటోడు లోపలి గోడకెల్లి మొదలువెట్టి తలుపు కాడికి వస్తడు. తలుపు కాడ మొదలువెడ్తె పచ్చి సున్నం మీద చిక్కుకొని లోపల్నే ఉంటడు గద!" అని, చెప్పడం ఆపి, గుండ్రాలను చూశాడు. నా వేలును, ఖాదర్ సాబ్ వేలును చూశాడు. "అంటే... నువ్వు నిజంగ తెల్వకనే రాసినవా?"

"నిజంగ."

"ఎటునుంచి అని అడగలేదా?"

"అడగలే."

"నొక్కి చూడలేదా?"

"నడిమిది చూసిన."

"నడిమిది!" అని సాయన్న లేచి కూర్చున్నాడు. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని, నవ్వుతో దగ్గు, దగ్గుతో నవ్వు కలిసిపోయి ఊగిపోయాడు. "పోచీ, ఇన్నవా? నడిమిది నొక్కి చూసిందంట! బి.ఏ.!"

పోచమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటోంది, పొగకో దేనికో.

"డాక్టర్ సాబ్ చెప్పలే గద అయితే" అన్నాడు మెల్లగా.

"చెప్పలే."

"అయితే వస్త. గాని ఒక్కటి. సరిగ్గ రాసినంక ఆ ఆఖరి బటన్ నేనే నొక్కుత. నర్సింలు వస్తె నా కండ్ల ముంగట మల్ల వోవాలె. గప్పుడే మంచమెక్కుత."

ఖాదర్ సాబ్‌ను కూడా వెంటబెట్టుకుని అదేరోజు మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చాం. దారంతా సాయన్న రైలు పెట్టెలో ఉన్న ప్రయాణికులందరికీ నా కథ చెప్పాడు. శంకర్‌పల్లికి పోయే ఒక పెద్దమనిషి నా వైపు జాలిగా చూసి, జామకాయ ఇచ్చాడు.

పేర్లు తుడిచి కుడినుంచి ఎడమకు మళ్ళీ రాశాను. ఈసారి వరసగా నొక్కి చూశాం: డాక్టరుగారి గంట ఆయనే స్వయంగా మోగించుకున్నారు, వంటింటి గంటకు వంటాయన అరుపులు నేను విన్నాను. ఇక మిగిలింది ఒక్కటే. వార్డంతా మంచాల మీద లేచి కూర్చుంది. సాయన్న గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, ఎడమ కొసన ఉన్న బటన్ మీద బొటనవేలు పెట్టి, గట్టిగా నొక్కాడు.

"వస్తున్న" అంది కప్ప.

చక్రాలు కిర్రుమన్నాయి. నర్సింలు వచ్చాడు. "ఎవలు?"

"ఎవలు లేరు. పో" అన్నాడు సాయన్న.

నర్సింలు కదల్లేదు. అతని మొహంలో కోపం లేదు, భయం ఉంది. "ఉత్తగ తీస్కపోను అన్నా. నీకు చెప్తున్న, మంచిది గాదు. నిన్న నీ కాడికెల్లి ఉత్తగ వోయిన, ఆ దినమే ఆడోళ్ళ వార్డుల ఇంకొకామె వోయింది."

మొన్నటి ఆయన మళ్ళీ దండం పెట్టడం మొదలుపెట్టాడు. సాయన్న బటన్ మీదినుంచి వేలు తీసేశాడు. అతని చూపు మంచం మీదికి, గుమ్మం మీదికి, వానలో స్టేషను దారి మీదికి పోవడం చూశాను. ఇంకొక్క క్షణమైతే మళ్ళీ పోతాడు. ఈసారి తాండూరులో ఏం చెప్పి తేవాలి?

సాయన్నే తేల్చాడు. నా వైపు తిరిగి, "ఉత్తగ వద్దంటె గీ బి.ఏ.ను ఎక్కించుకపో" అన్నాడు.

నేను ఎందుకు ఎక్కానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. జవాబు వాదనకు అందేది కాదు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని బండెక్కి, తెల్లటి గుడ్డ పక్కన కాళ్ళు వేలాడేసి కూర్చున్నాను. నర్సింలు తోశాడు. వెనకనుంచి మొదట ఒక దగ్గు, తర్వాత ఒక నవ్వు, తర్వాత ఏది దగ్గో ఏది నవ్వో తెలియనంత చప్పుడు. ఆ వానాకాలం మొత్తంలో ఆ వార్డులో అంత చప్పుడు అదొక్కసారే విన్నాను. వరండా మలుపులో పెద్ద డాక్టరుగారు ఎదురయ్యారు. బండి చూశారు. బండి మీద నన్ను చూశారు.

"ఏమ్మా?"

"ఈసారి సరిగ్గానే మోగింది సార్" అన్నాను.

సాయన్న సూదులన్నీ వేయించుకుని గేటు దాకా నడిచి వెళ్ళాడు. వార్డునుంచి నడిచిపోయిన ఒక్క మనిషిని చూపించమన్నవాడే ఆ ఒక్క మనిషి అయ్యాడు. క్షయ పోయింది. రాతి దుమ్ము మాత్రం లోపలే ఉండిపోయింది, దానికి సూదులు లేవు. కొన్నేళ్ళు పోయాక తాండూరులో, తన ఇంట్లో, మనుమల మధ్య పోయాడు. ఆ వార్డులో మిగతా చాలామంది కోసం నర్సింలు గంట తప్పు లేకుండా మోగింది. నేను రాసిన అక్షరాలు సరిగ్గా ఉండటం వాళ్ళకేమీ పనికిరాలేదు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, తల మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఎవరైనా "మొదటిది" అంటే ఎటునుంచి అని అడగకుండా కుంచె ముట్టను. నడిమిది ఒక్కటే నొక్కి చూసి లోకమంతా సరిగ్గా ఉందనను. అన్నిటికంటే ముఖ్యంగా, చచ్చినా సరే, నా తప్పు నేను మళ్ళీ ఒప్పుకోను. నేను ఒప్పు అని నమ్మించడానికి నోరొకటి చాలు. తప్పు అని నమ్మించాలంటే తాండూరు దాకా పోవాలి, ముసలాయన్ను సాక్ష్యం తేవాలి, చివరికి శవాల బండి ఎక్కాలి. అంత ఓపిక ఈ వయసులో నాకు లేదు.